కణం తలుపు దగ్గర కూలి: ఎల్లాప్రగడ సుబ్బారావు గారి జీవితం



ఈసారి గోడ పత్రికలో గొప్పవారి జీవితాలు శీర్షికకి నేను ఎల్లాప్రగడ సుబ్బారావు గారి గురించి రాస్తున్నాను. అల్లూరి సీతారామరాజు గారి పేరు చెబితే మన హాస్టల్లో చెయ్యి ఎత్తని పిల్ల ఉండదు. సుబ్బారావు గారి పేరు చెబితే మాత్రం ఒకరి మొహం ఒకరు చూసుకుంటాం. కానీ ఆయన పరిశోధన నుంచి వచ్చిన మందుని మనం వారానికి ఒకసారి మింగుతున్నాం. అదేమిటో చివర్లో చెబుతాను.

ఆయన ఎక్కడో దూరదేశం మనిషి కాదు. మన మామిడికుదురు నుంచి రాజోలు పోయి, దిండి దగ్గర చించినాడ వంతెన మీద గోదావరి దాటి, పాలకొల్లు మీదుగా పోతే భీమవరం వస్తుంది. ఆ భీమవరంలోనే పుట్టారు.

బాల్యం

సుబ్బారావు గారు 1895 జనవరి 12న పుట్టారు. తండ్రి జగన్నాథం గారు, తల్లి వెంకమ్మ గారు. తండ్రి గారికి ఒంట్లో బాగుండేది కాదు. ఇంట్లో పిల్లలు ఎక్కువ, డబ్బు తక్కువ. అందుకని సుబ్బారావు గారు పదమూడేళ్ల వయసులో ఒక ఆలోచన చేశారు. కాశీ పారిపోయి, అక్కడికి వచ్చే యాత్రికులకి అరటిపళ్లు అమ్మి బాగా సంపాదించాలనుకున్నారు. ఇంట్లోంచి వెళ్లిపోయారు కూడా. ఎంతో దూరం పోకముందే వెంకమ్మ గారు ఆయన్ని వెనక్కి తెప్పించారు. వెనక్కి తెచ్చి ఊరుకోలేదు. చదువుకోవాల్సిందే అని పట్టుపట్టారు.

రాజమండ్రిలో చదువుకి పెట్టారు. అక్కడ ఆయన మెట్రిక్ పరీక్ష తప్పారు. మళ్లీ రాశారు, మళ్లీ తప్పారు. ఇంట్లో చావులు, జబ్బులు. ఆ మనసుతో ఏం చదువుతారు? వెంకమ్మ గారు తన ఒంటి మీద బంగారం అమ్మి ఆయన్ని మద్రాసు పంపించారు. అక్కడ హిందూ హైస్కూల్లో చదివి మూడోసారి పాసయ్యారు.

మిత్రులారా! ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. మన ఊళ్లల్లో ఆడపిల్ల ఒకసారి పరీక్ష తప్పితే ఏమవుతుందో మనకి తెలుసు. ఇంక చాల్లే, ఇంటికి రా అంటారు. వచ్చే ఏడాదికి పెళ్లి మాటలు మొదలవుతాయి. ప్రపంచంలో పెద్ద శాస్త్రవేత్త అయిన మనిషి పదో తరగతి లాంటి పరీక్ష రెండుసార్లు తప్పారు. మూడోసారి రాయనిచ్చిన వాళ్లు ఉన్నారు కాబట్టే ఆయన పేరు ఇవాళ ఇక్కడ రాస్తున్నాను.

ఇంట్లో జబ్బు

తరవాత మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో ఇంటర్ చదివారు. లెక్కలు బాగా వచ్చేవి. కానీ ఆయన మనసు సన్యాసం మీదకి పోయింది. రామకృష్ణ మిషన్‌లో చేరిపోదామనుకున్నారు. వెంకమ్మ గారు ఒప్పుకోలేదు. చివరికి డాక్టరు చదువు చదివి జబ్బు మనుషులకి సేవ చెయ్యాలని నిర్ణయించుకుని మద్రాసు మెడికల్ కాలేజీలో చేరారు.

ఆ ఇంట్లో ఒక జబ్బు తిష్ట వేసింది. దాని పేరు స్ప్రూ. ఆయుర్వేదం వైద్యులు గ్రహణి అంటారు. ఈ జబ్బు వచ్చిన మనిషి అన్నం తింటాడు, కానీ తిన్నది ఒంటికి పట్టదు. విరేచనాలు అవుతాయి. నాలిక పుండు పడుతుంది. నెత్తురు తగ్గిపోయి మనిషి తెల్లగా పాలిపోతాడు. సుబ్బారావు గారి అన్నదమ్ములు ఇద్దరు ఈ జబ్బుతోనే కొద్ది రోజుల తేడాలో చనిపోయారు. ఆయనకీ అదే జబ్బు వచ్చింది. ఆచంట లక్ష్మీపతి గారు అనే ఆయుర్వేద వైద్యుడు మందు ఇచ్చి బతికించారు.

అన్నం కడుపులో ఉంటుంది, మనిషి ఆకలితో ఎండిపోతాడు! తిండి లోపలికి పోయింది కదా, మరి ఒంట్లోకి ఎందుకు పోలేదు? ఈ ప్రశ్న మనం తొమ్మిదో తరగతి జీవశాస్త్రంలో చదివే పాఠమే. పదార్థాలు కణం పొర దాటి లోపలికి ఎలా పోతాయి అన్న పాఠం. పేగు గోడ కూడా కణాలతో కట్టిన గోడే. ఆ కణాలు లోపలికి తీసుకోకపోతే, పేగులో ఉన్న అన్నం మన ఊరి బయట ఆగిపోయిన బియ్యం లారీ లాంటిది. లారీ నిండా బియ్యం ఉన్నా ఊళ్లో పొయ్యి వెలగదు.

ఖద్దరు కోటు

ఆయన మెడికల్ కాలేజీలో ఉన్నప్పుడు గాంధీ గారు విదేశీ బట్టలు వదిలెయ్యమని పిలుపు ఇచ్చారు. సుబ్బారావు గారు ఆపరేషన్ గదిలో వేసుకునే కోటు కూడా ఖద్దరుతో కుట్టించుకున్నారు. సర్జరీ చెప్పే బ్రాడ్‌ఫీల్డ్ అనే ఇంగ్లీషు ప్రొఫెసరుకి అది నచ్చలేదు. సుబ్బారావు గారు పరీక్షలు బాగానే రాసినా ఎం.బి.బి.ఎస్. డిగ్రీ ఇవ్వలేదు. దానికంటే తక్కువదైన ఎల్.ఎం.ఎస్. ఇచ్చారు. దాంతో సర్కారు వైద్య ఉద్యోగం దొరకలేదు.

అప్పుడు లక్ష్మీపతి గారి ఆయుర్వేద కళాశాలలోనే శరీర నిర్మాణం పాఠాలు చెప్పే ఉద్యోగంలో చేరారు. తనని బతికించిన ఆకులు, వేళ్లు, చూర్ణాల్లో ఏముందో తెలుసుకోవాలని చాలా చదివారు. అది పట్టుకోవాలంటే పెద్ద ప్రయోగశాల కావాలి. అమెరికా నుంచి వచ్చిన ఒక డాక్టరుతో మాట్లాడాక అక్కడికి పోవాలన్న కోరిక పుట్టింది.

డబ్బు? మామగారు కస్తూరి సూర్యనారాయణమూర్తి గారు సాయం చేశారు. మెడికల్ కాలేజీ చదువుకి కూడా ఆయనా, స్నేహితులూ ఆదుకున్నారు. కాకినాడలో మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ ఉంది కదా, వాళ్లు సాయం చేస్తామని మాట ఇచ్చారు. అలా ఓడ ఎక్కి 1922 అక్టోబరు 26న బోస్టన్ నగరంలో దిగారు.

నీలం రంగు

బోస్టన్‌లో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఉష్ణదేశాల జబ్బుల వైద్యం చదివి డిప్లొమా తీసుకున్నారు. పగలు చదువు. రాత్రిళ్లు ఆస్పత్రిలో రోగుల మలమూత్రాల పాత్రలు కడిగే పని. డాక్టరు చదివిన మనిషి ఆ పని చేశారు. పనిలో తక్కువేమీ లేదనుకున్నారు కాబోలు.

తరవాత హార్వర్డ్ జీవరసాయన విభాగంలో సైరస్ ఫిస్కే అనే ఆయన దగ్గర చేరారు. అక్కడ చేసిన మొదటి పెద్ద పని ఏమిటంటే నెత్తురులో, మూత్రంలో భాస్వరం ఎంత ఉందో కొలిచే పద్ధతి కనిపెట్టడం. మందు కలిపితే ద్రవం నీలం రంగు తిరుగుతుంది. భాస్వరం ఎంత ఎక్కువ ఉంటే నీలం అంత ముదురు. ఆ రంగుని చూసి లెక్క కట్టొచ్చు. 1925లో అచ్చయింది. దాని పేరు ఫిస్కే–సుబ్బారావు పద్ధతి. జీవరసాయనం చదివే పిల్లలు ఇప్పటికీ ఆ పేరు చదువుతారు. మన భీమవరం ఇంటి మనిషి పేరు ప్రపంచం పుస్తకాల్లో అలా ఎక్కింది.

ఈ కొలత చేతిలో ఉండబట్టే తరవాతి రెండు సంగతులు దొరికాయి. కండరంలో భాస్వరం ఉన్న పదార్థం ఒకటి ఉంది. కండరం పని చేసినప్పుడు అది తగ్గిపోతుంది, విశ్రాంతి తీసుకుంటే మళ్లీ పెరుగుతుంది. దాని పేరు ఫాస్ఫోక్రియేటిన్. 1927లో ఫిస్కే గారు, సుబ్బారావు గారు కలిసి ప్రకటించారు. అంతకుముందు కండరానికి బలం లాక్టిక్ ఆమ్లం నుంచి వస్తుందని అనుకునేవారు. ఆ పరిశోధన చేసిన హిల్, మేయర్‌హాఫ్ గార్లకి 1922వ సంవత్సరపు నోబెల్ బహుమతి కూడా వచ్చింది. ఆ లెక్క మార్చుకోవాల్సి వచ్చింది. మన ఆటలపోటీలో వంద మీటర్ల పరుగు ఉంటుంది కదా, విజిల్ ఊదిన మొదటి కొన్ని సెకన్లు మన కాళ్లని నడిపేది ఈ ఫాస్ఫోక్రియేటిన్ నిలవే.

రెండోది ఇంకా పెద్దది. 1929లో కండరంలోంచి ఎ.టి.పి.ని వేరు చేశారు. అదే ఏడాది జర్మనీలో లోమాన్ అనే శాస్త్రవేత్త కూడా విడిగా కనిపెట్టారు. ఇద్దరికీ ఆ గౌరవం ఉంది.

ఎ.టి.పి. అంటే ఏమిటి?

పుస్తకంలో ఎ.టి.పి.ని కణపు శక్తి నాణెం అంటారు. నాణెం అంటే ఎందుకో నాకు మొదట అర్థం కాలేదు. ఇలా అనుకుంటే అర్థమయింది.

కణం చుట్టూ ఒక పల్చటి పొర ఉంటుంది. రెండు వరసల కొవ్వు అణువులు, వాటి మధ్యలో అక్కడక్కడ మాంసకృత్తులతో చేసిన తలుపులు. ఆ పొర దాటడానికి దారులు కొన్ని ఉన్నాయి.

మొదటి దారి విసరణ. హాలు ఒక మూల అగరొత్తి వెలిగిస్తే ఇంకో మూలకి వాసన దానంతట అదే వస్తుంది. ఎక్కువ ఉన్న చోటునుంచి తక్కువ ఉన్న చోటుకి పోతుంది. మనం పీల్చే గాలిలో ప్రాణవాయువు నెత్తుర్లోకి పోయేది ఇలాగే. ఖర్చు లేదు.

రెండో దారి ద్రవాభిసరణ. ఇది నీళ్ల సంగతి. ఎండు ద్రాక్షని నీళ్లల్లో వేస్తే ఉబ్బుతుంది, నీళ్లు లోపలికి పోయాయన్నమాట. మాగాయ పెట్టేటప్పుడు మామిడి ముక్కలకి ఉప్పు కలిపి ఉంచితే తెల్లారేసరికి ఊట దిగుతుంది, నీళ్లు ముక్కలోంచి బయటికి వచ్చాయన్నమాట. ఉప్పు ఎటు ఎక్కువ ఉంటే నీళ్లు అటు పోతాయి. దీనికీ ఖర్చు లేదు.

మూడో దారికే ఖర్చు. ఇక్కడ కోనసీమలో కాలవ నీళ్లు పల్లపు చేలోకి వాటంతట అవే పారతాయి. మెరక చేలోకి ఎక్కాలంటే? ఇంజను పెట్టాలి, డీజిలు పొయ్యాలి. కణం కూడా కొన్ని వస్తువుల్ని పల్లం నుంచి మెరకకి ఎక్కిస్తుంది. అంటే తక్కువ ఉన్న చోటునుంచి ఎక్కువ ఉన్న చోటుకి తోస్తుంది. దాన్ని సక్రియా రవాణా అంటారు. అక్కడ డీజిలు ఎ.టి.పి.

ఎ.టి.పి.కి మూడు భాగాలు. ఎడినిన్ ఒకటి, రైబోజ్ అనే చక్కెర ఒకటి, దానికి తోకలాగా మూడు ఫాస్ఫేట్లు. చివరి ఫాస్ఫేటు ఊడినప్పుడు శక్తి వస్తుంది. ఆ శక్తితో పని జరుగుతుంది. తరవాత మైటోకాండ్రియా మనం తిన్న అన్నం బలంతో మళ్లీ ఫాస్ఫేటు అతికిస్తుంది. అలా ఒకే నాణెం చేతులు మారుతూ తిరుగుతూ ఉంటుంది. ఒక రోజులో మన ఒంట్లో తయారై ఖర్చయ్యే ఎ.టి.పి. అంతా కలిపితే మన బరువుకి దగ్గర దగ్గర ఉంటుందట!

కణం పొరలో ఒక పంపు ఉంది. 1957లో డెన్మార్క్ శాస్త్రవేత్త జెన్స్ స్కౌ కనిపెట్టారు. దానికి 1997లో నోబెల్ వచ్చింది. ఆ పంపు ఒక ఎ.టి.పి. నాణెం తీసుకుని మూడు సోడియంలని బయటికి తోసి, రెండు పొటాషియంలని లోపలికి లాగుతుంది. మనం నిద్రపోతున్నా ఆగదు. ఆగితే ఉప్పు లోపలే పేరుకుంటుంది, ఉప్పు వెనకే నీళ్లు వస్తాయి, కణం ఉబ్బి పగిలిపోతుంది. విరేచనాలు అయినప్పుడు మనకి ఓ.ఆర్.ఎస్. నీళ్లు ఎందుకు ఇస్తారో తెలుసా? పేగు కణాల్లో ఒక తలుపు ఉంది. ఉప్పు, గ్లూకోజు రెండూ కలిసి వస్తేనే అది తెరుచుకుంటుంది. వాటి వెనకే నీళ్లు పోతాయి. కణంలో ఉప్పు తక్కువ ఉంచేది ఆ పంపే. కాబట్టి అక్కడా ఎ.టి.పి. కూలి ఇవ్వాల్సిందే.

స్కౌ గారికి నోబెల్ వచ్చేసరికి సుబ్బారావు గారు పోయి నలభై తొమ్మిదేళ్లు. ఆయన వేరు చేసిన ఆ నాణెమే కణం తలుపు దగ్గర కూలీగా ఇస్తున్నారని ఆయన బతికుండగా ఎవరికీ ఇంత వివరంగా తెలీదు.

హార్వర్డ్ వదిలారు

1930లో ఆయనకి పిహెచ్.డి. వచ్చింది. ఇంత చేసినా హార్వర్డ్‌లో శాశ్వతమైన ఉద్యోగం ఇవ్వలేదు. ఆయనతో పనిచేసిన జార్జ్ హిచింగ్స్ గారికి తరవాత 1988లో నోబెల్ వచ్చింది. సుబ్బారావు గారు వేరు చేసిన కొన్ని పదార్థాల సంగతి ఫిస్కే గారు అచ్చు కానివ్వలేదని, అసూయ వల్లే అనిపించిందని, వాటిని మళ్లీ వేరేవాళ్లు కనిపెట్టాల్సి వచ్చిందని హిచింగ్స్ గారు చెప్పారు.

సుబ్బారావు గారు 1940లో న్యూయార్క్ రాష్ట్రంలో పెర్ల్ రివర్ అనే ఊళ్లో లెడర్లీ అనే మందుల కంపెనీ ప్రయోగశాలకి వెళ్లారు. అక్కడ పరిశోధన మొత్తానికి పెద్ద అయ్యారు. ఆ ఎనిమిదేళ్లల్లో జరిగిన పని చూస్తే ఆశ్చర్యం వేస్తుంది.

అన్నదమ్ముల జబ్బుకి మందు

ముందు ఫోలిక్ ఆమ్లం గురించి చెప్పాలి. దీనికి మొదలు కూడా మన దేశంలోనే ఉంది. లూసీ విల్స్ అనే ఇంగ్లీషు డాక్టరమ్మ బొంబాయిలో బట్టల మిల్లుల్లో పనిచేసే పేద గర్భిణీల్ని చూశారు. వాళ్లకి నెత్తురు బాగా తక్కువ. ఈస్టు సారం తినిపిస్తే బాగయింది. 1931లో ఆ సంగతి రాశారు. అందులో ఏదో పదార్థం ఉంది, అది ఏమిటో తెలీదు. 1941లో అమెరికాలోనే ఇంకో శాస్త్రవేత్తల గుంపు దాన్ని పాలకూరలోంచి తీశారు. అందుకు నాలుగు టన్నుల పాలకూర పట్టింది! ఆకులోంచి వచ్చింది కాబట్టి ఫోలిక్ అని పేరు పెట్టారు. లాటిన్ భాషలో ఫోలియం అంటే ఆకు. టన్నుల కొద్దీ ఆకు నలిపితే చిటికెడు వస్తే, పేదవాళ్లకి మందు ఎప్పటికి అందుతుంది?

1945లో సుబ్బారావు గారి బృందం దాన్ని ప్రయోగశాలలో తయారు చేశారు. ఇంక పాలకూర అక్కర్లేదు, ఎంత కావాలంటే అంత. కొత్త కణం పుట్టాలంటే డి.ఎన్.ఎ. తయారవ్వాలి, దానికి ఫోలిక్ ఆమ్లం కావాలి. నెత్తురు కణాలు రోజూ కొత్తవి పుడుతూ ఉండాలి కాబట్టి అది లేకపోతే ముందు నెత్తురే తగ్గుతుంది.

స్ప్రూ జబ్బు మనుషులకి ఫోలిక్ ఆమ్లం ఇచ్చి చూశారు. తేరుకున్నారు! అన్నదమ్ములు చనిపోయిన జబ్బుకి ఆయన మందు చేశారు.

తరవాత ఆయన బృందంలో బెంజమిన్ డగ్గర్ అనే డెబ్బై ఏళ్లు దాటిన వృక్షశాస్త్రవేత్త మట్టిలో ఉండే సూక్ష్మజీవిలోంచి బంగారు రంగు మందు తీశారు. దాని పేరు ఆరియోమైసిన్. టెట్రాసైక్లిన్ జాతి మందుల్లో అది మొదటిది. 1948లో వచ్చింది. ఇప్పుడు ఉష్ణదేశాల స్ప్రూకి డాక్టర్లు ఇచ్చే వైద్యం ఏమిటో తెలుసా? ఫోలిక్ ఆమ్లం, టెట్రాసైక్లిన్ రెండూ కలిపి కొన్ని నెలలు. రెండూ ఆ ఒక్క ప్రయోగశాల నుంచి వచ్చినవే. ఇది చదివినప్పుడు నాకు ఒళ్లు జలదరించింది.

ఇంకో రెండు మందులు

పిల్లలకి వచ్చే నెత్తురు కేన్సర్ ఉంది, ల్యుకీమియా. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే పిల్లల డాక్టరుకి సుబ్బారావు గారి బృందం అమినోప్టెరిన్ అనే మందు చేసి పంపించారు. అది చూడడానికి ఫోలిక్ ఆమ్లం లాగే ఉంటుంది. కణం మోసపోతుంది. ఫోలిక్ జాతికి తీసే తలుపే దీనికీ తీస్తుంది. లోపలికి పోయాక తాళంలో ఇరుక్కున్న దొంగ తాళంచెవి లాగా పని ఆపేస్తుంది. కేన్సర్ కణం పెరగలేదు. 1948 జూన్‌లో ఫార్బర్ గారు రాసినదాని ప్రకారం 16 మంది పిల్లల్లో 10 మందికి జబ్బు తగ్గుముఖం పట్టింది. కొన్ని నెలలకే మళ్లీ తిరగబెట్టింది. ఐనా అంతవరకు ఆ జబ్బుకి ఏ మందూ పనిచేసి ఎరగదు. అదే జాతి మందు మెథోట్రెక్సేట్. దాన్ని ఇప్పటికీ కేన్సర్‌కి, కీళ్ల జబ్బుకి వాడుతున్నారు.

ఇంకోటి మన గోదావరి జిల్లాల మందు. ఇక్కడ ముసలివాళ్లల్లో బోదకాలు ఉన్నవాళ్లని మనం చూశాం. దోమ కుట్టి ఒంట్లోకి సన్నటి పురుగు చేరితే కాలు ఏనుగు కాలులా వాస్తుంది. 1947లో సుబ్బారావు గారి ప్రయోగశాలలో హెట్రజాన్ వచ్చింది. డి.ఇ.సి. మాత్ర అంటారు. ఊరూరా తిరిగి బోదకాలు మాత్రలు మింగించిన కార్యక్రమాల్లో ఉన్నది అదే. భీమవరం చుట్టుపక్కల బోదకాళ్లు చూస్తూ పెరిగిన మనిషి పనిచేసిన చోటునుంచే దాని మందు వచ్చింది.

శేషగిరి గారు

ఇప్పుడు ఒక సంగతి రాయాలి. గొప్పవారి జీవితాల్లో దీన్ని ఒక్క వాక్యంలో దాటేస్తారు. సుబ్బారావు గారికి 1919లో శేషగిరి గారితో పెళ్లయింది. 1922లో ఆవిడని ఇక్కడే ఉంచి ఓడ ఎక్కారు. మళ్లీ తిరిగి రాలేదు. ఆవిడ ఆయన్ని మళ్లీ చూడలేదు.

ఆయన వల్ల ఎన్ని లక్షలమంది బతికారో అని అందరూ లెక్క వేస్తారు. శేషగిరి గారు ఎన్ని ఏళ్లు దారి చూశారో ఎవరూ లెక్క వెయ్యరు. నాకు ఇది న్యాయం అనిపించలేదు. ఆయన్ని తిట్టడానికి రాయడం లేదు. ఆయన పని కోసం ఖర్చు పెట్టినవాళ్ల పేర్లు కూడా రాయాలి అంటున్నాను. వెంకమ్మ గారు బంగారం పెట్టారు. మామగారు, స్నేహితులు డబ్బు పెట్టారు. శేషగిరి గారు తన జీవితమే పెట్టారు. కణం తలుపు దగ్గర ఎ.టి.పి. ఎలాగో, ఆయన చదువు మెరక ఎక్కడానికి వీళ్లు అలాగ.

మనమూ అంతే కదా. మా ఇంట్లో బడి మెట్లు ఎక్కింది నేనే మొదలు. పల్లానికి పారే నీళ్లలాగా ఐతే నేను కొండపోడు పనికి, జీడిపిక్కల ఏరుడికి పోయేదాన్ని. ఇక్కడ దాకా రావాలంటే ఎవరో ఒకరు కూలి ఇచ్చారు. ఎవరి ఇంట్లో ఎవరు ఇచ్చారో మీరూ ఆలోచించుకోండి.

చివరి రోజులు

1948 ఆగస్టులో ఒక రోజు సుబ్బారావు గారు నిద్రలోనే గుండె ఆగి చనిపోయారు. వయసు 53 ఏళ్లే. మన దేశానికి స్వాతంత్ర్యం వచ్చి అప్పటికి ఇంకా ఏడాది నిండలేదు. ఖద్దరు కోటు వేసుకుని డిగ్రీ పోగొట్టుకున్న మనిషి స్వతంత్ర దేశంలో అడుగు పెట్టకుండానే పోయారు.

ఆయనకి నోబెల్ బహుమతి రాలేదు. మందుల మీద తన పేరు వేయించుకోలేదు. చాలావాటిని తన కింద పనిచేసేవాళ్ల పేర్లతోనే అచ్చు వేయించారు. 1953లో కొత్తగా దొరికిన ఒక బూజుకి శాస్త్రవేత్తలు సుబ్బారోమైసిస్ అని ఆయన పేరు పెట్టారు. 1995లో నూరేళ్ల జయంతికి మన ప్రభుత్వం తపాలా బిళ్ల వేసింది.

వారం మాత్ర సంగతి

మొదట చెబుతానన్నది ఇదే. వారానికి ఒకసారి మనకి ఇచ్చే నీలం మాత్రలో రెండు ఉంటాయి. ఒకటి ఇనుము, రెండోది ఫోలిక్ ఆమ్లం. ఆ రెండోదే ఆయన బృందం 1945లో తయారు చేసింది. నాలుగు టన్నుల పాలకూర నలిపితే గాని రానిది ఇప్పుడు ఊరికే మన అరచేతిలో పెడుతున్నారు. కొందరు దాన్ని నాలిక కింద దాచి, బయటికి వెళ్లి గోడ అవతల పారేస్తున్నారు. ఎవరో నేను రాయను. కడుపులో తిప్పుతుందని, మొహం మీద మచ్చలు వస్తాయని, పిల్లలు పుట్టరని ఏవేవో అంటున్నారు. మచ్చల మాట, పిల్లల మాట అబద్ధం. కడుపులో తిప్పేది నిజమే. పరగడుపున వేసుకుంటే తిప్పుతుంది. అన్నం తిన్నాక వేసుకుంటే చాలామందికి తగ్గుతుంది.

మన కొండ ఊళ్లల్లో సికిల్ సెల్ జబ్బు కూడా ఉంది. మామూలు ఎర్రకణం 120 రోజులు బతుకుతుంది. సికిల్ సెల్ ఉన్నవాళ్లకి పది ఇరవై రోజులకే పగిలిపోతుంది. అందుకని వాళ్ల ఒళ్లు కొత్త కణాలు గబగబా చేసుకోవాలి. వాళ్లకి డాక్టర్లు ఫోలిక్ ఆమ్లం మాత్ర రోజూ రాస్తారు. ఇనుము మాత్రం డాక్టరు చెబితేనే. మనలో ఎవరికైనా ఆ జబ్బు ఉంటే దాచుకోవద్దు, నర్సమ్మ గారికి చెప్పండి. పక్కమంచం పిల్లలు వెక్కిరించొద్దు. వాళ్లకి నీళ్లు ఎక్కువ తాగమని గుర్తు చెయ్యండి. ఎందుకంటే వాళ్ల ఎర్రకణం పొరలోంచి పొటాషియం, నీళ్లు బయటికి జారిపోతాయి. కణం ఎండినకొద్దీ కొడవలిలా వంగుతుంది, నొప్పులు వస్తాయి.

వార్డెన్ మేడమ్ గారికి ఒక విన్నపం. మాత్ర ఇచ్చే రోజు భోజనం అయ్యాకే ఇప్పించండి. దాచేవాళ్లు సగానికి సగం తగ్గుతారని నా నమ్మకం.

మిత్రులారా! సుబ్బారావు గారు రెండుసార్లు తప్పి మూడోసారి పాసయ్యారు. ఈ ఏడాది పరీక్ష తప్పిన అక్కలు ఈ గోడ పత్రిక చదివితే, మూడోసారి అనే మాట ఒకటి ఉందని గుర్తు పెట్టుకోండి. మాత్రని అవతల పారెయ్యకండి. మింగండి.

– 9వ తరగతి విద్యార్థిని, మామిడికుదురు